నాన్న అద్దాలు తుడుచుకున్న ముక్క

కాలేజీ స్టాఫ్ రూము నుంచి,
జూలై

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనాలంటే నాకే మొహమాటంగా ఉంది. "బాగున్నాను, పని ఎక్కువగా ఉంది, అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి" అని మూడు ముక్కలు గీకి, కింద సంతకం మాత్రం మంత్రిగారిలా పెట్టావు. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. మెట్లు దిగేటప్పుడు నన్ను తిడుతుంది, ఎక్కేటప్పుడు ఇల్లు కట్టినవాణ్ణి తిడుతుంది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చెయ్యొచ్చు. కానీ నీ గొంతు వినపడగానే అమ్మ పక్కగదిలో టీవీ సౌండు తగ్గించేస్తుంది. ఆ తర్వాత నేనేం మాట్లాడినా ఇద్దరితో మాట్లాడినట్టే. అందుకే రాస్తున్నాను. నువ్వూ కాలేజీ అడ్రసుకే రాయి.

నీతో ఒక పని పడింది. కాలేజీలకి పంపే ఆర్థికశాస్త్రం డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తున్నానన్నావు కదా. అందులో బ్యాంకులు ఎందుకు కూలిపోతాయో చెప్పేది ఒకటుంటే ముందుగా నాకు పంపు. పుస్తకంలో దాని గురించి ఒక్క పేరా ఉంది. ఆ పేరా చదివితే పిల్లలకి నిద్రొస్తుంది, చెప్పే నాకూ వస్తుంది. శుక్రవారం ఆఖరి పీరియడులో కిటికీలకి చార్టు అట్టలు అడ్డం పెట్టి సినిమాలు చూపిస్తున్నాను. నా దగ్గరున్నవన్నీ ఒకే తానులో ముక్కలు. మొదట అద్దాల మేడలు, తర్వాత కిందికి జారే ఎర్రగీత, వెనకాల ఎవరో పోయినట్టు సంగీతం. చివర్లో ఒక మనిషి అట్టపెట్టె పట్టుకుని ఆఫీసులోంచి బయటికొస్తాడు. ఆ పెట్టెలో ఏముందో ఏ సినిమా చెప్పదు. పిల్లలు మాత్రం దాన్నే అడుగుతారు.

వాళ్ళకి నేను ఒక్కటి మాత్రం గట్టిగా నేర్పాను. తెర మీద పెద్దమనిషి మాట్లాడుతుంటే మాట వినడం కాసేపు ఆపండి, చేతులు చూడండి అని. పోయినవారం ఒకదాంట్లో ఎవరో అధికారి "కంగారు పడాల్సిందేమీ లేదు" అంటూ పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆర్థికశాస్త్రం సగం అక్కడే వచ్చేసింది వాళ్ళకి.

ఈ ఏడు మొదటి బెంచీలో ఎవరు కూర్చుంటున్నారో తెలుసా? మన టైలరు మామయ్య మనవరాలు. ఆయన చెయ్యే దానికీ వచ్చింది, నోట్సులో గీతలు కూడా కుట్టినట్టే గీస్తుంది. "టీచర్, బ్యాంకులో పెట్టిన డబ్బు అక్కడ లేకపోతే మరి ఎక్కడుంటుంది?" అని నిన్న అడిగింది. మన బ్యాంకు మూతపడి ఇన్నేళ్ళయింది, నాన్న పోయీ కొన్నేళ్ళయింది, అయినా ఈ ఊళ్ళో నేనింకా మేనేజరుగారి అమ్మాయినే. ఆ పిల్ల వాళ్ళ తాతయ్య డబ్బు కూడా అందులోనే పోయింది. దానికి సమాధానం చెప్పే సినిమా కావాలి. వెతికి పంపు.

మీ అక్క

*

ఎడిటింగ్ గది నుంచి,
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం నెలరోజులుగా బ్యాగులోనే తిరుగుతోంది. తిట్టకు. రాద్దామని కూర్చోవడం, మళ్ళీ లేచి టీకి వెళ్ళడం. ఈ గదికి కిటికీ లేదు. ఏసీలోంచి కారే నీళ్ళకి బకెట్టు పెట్టాం, అది నిండితే మధ్యాహ్నం అయిందని లెక్క.

మా డైరెక్టరుకి మేం "ఇంకోసారి సారు" అని పేరు పెట్టాం. ఏ ముక్క చూపించినా మొదటి మాట "ఇంకోసారి వెయ్" అనే. మంచివాడే. పిల్లలకి అబద్ధం చూపించకూడదని పట్టుదల ఉన్న మనిషి.

నువ్వడిగిన సినిమా నా చేతిలోనే ఉంది. చెప్పాలా వద్దా అనే ఇన్నాళ్ళూ కొట్టుకున్నాను. మూడో భాగం మన బ్యాంకు గురించే. సారు ఊరి పేరు చెప్పగానే లేచి బకెట్టు పారబోసి వచ్చాను. కథ నీకు తెలిసిందే. పై ఆఫీసులో కూర్చున్నవాళ్ళు జనం డబ్బుని తమ సొంత కట్టడాల కంపెనీకే అప్పిచ్చుకున్నారు. కట్టిన మేడలు అమ్ముడుపోలేదు. పుకారు లేచింది, జనం పరుగెత్తుకొచ్చారు. ఒకరోజు అడిగినవాళ్ళకి ఇచ్చారు, మర్నాడు షట్టరు దించేశారు. మా సారు దీన్ని బొమ్మలతో ఎంత తేలిగ్గా చెప్పించాడంటే, నీ మొదటి బెంచీ పిల్ల ప్రశ్నకి సమాధానం అందులోనే దొరుకుతుంది.

అందులో నాన్న ఉన్నారు. అప్పటి టీవీవాళ్ళు తీసిన టేపు ఎక్కణ్ణుంచో సంపాదించారు. బ్రాంచి ముందు స్టూలు వేసుకుని నిలబడి జనానికి సర్దిచెప్తున్నారు. మా సారు ఆ మొహం చూసి మురిసిపోయాడు. "ఇంత నిజాయితీ గల మొహం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? పై వాళ్ళు ఈయన్ని కూడా మోసం చేశారు" అన్నాడు. ఆ మొహం మా నాన్నదని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నాకే తెలీదు. చెప్పమంటావా?

ఇంకో మాట. దుకాణాలకి వెళ్ళినప్పుడు నాన్నకి కళ్ళద్దాల అలవాటేదో ఉండేదని లీలగా గుర్తు. అప్పటికి నేను మరీ చిన్నవాణ్ణి. నీకు గుర్తుందా? ఊరికే అడుగుతున్నాను.

చిన్నోడు

*

స్టాఫ్ రూము నుంచి,
ఆగస్టు చివర

చిన్నోడా,

చెప్పకు. ఆ స్టూలు మీద మనిషిని కూడా తీసెయ్యి. ఇంకేదన్నా పెట్టుకోండి, ఎర్రగీత పెట్టుకోండి, అట్టపెట్టె మనిషిని పెట్టుకోండి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వరస, తెలుసు. కానీ నువ్వు ఊరు వదిలి వెళ్ళిపోయావు, మేమిద్దరం ఇక్కడే బతకాలి. మనల్ని ఈ ఊరు ఎందుకు బతకనిచ్చిందో నీకు తెలుసా? మిగతా బ్రాంచీల మేనేజర్ల ఇళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. మన ఇంటి మీద పడలేదు. అమ్మ ఆ రోజు లైన్లో నిలబడి కూడా చిల్లిగవ్వ తియ్యకుండా వెనక్కి వచ్చేసింది. ఊరంతా చూసింది. "పాపం, ఆయనకే తెలిసుంటే పెళ్ళాం డబ్బు మునగనిస్తాడా" అన్నారు. ఆ ఒక్క మాట మీదే నాన్నకి హార్డ్‌వేరు కొట్లో లెక్కలు రాసే పని దొరికింది. ఆ మాట మీదే నాకు ఈ కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. పాతిపెట్టిన దాన్ని తవ్వి తెర మీద వెయ్యొద్దు. అమ్మకి సినిమా సంగతి ముక్తసరిగా చెప్పాను. "ఇల్లు కాలి ఒకరేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది మీ వాడి పని" అని, టీవీ సౌండు పెంచేసింది.

కళ్ళద్దాల సంగతి గుర్తు లేకపోవడమేంటి! మనింట్లో అంతకు మించిన నాటకం ఇంకోటి లేదు. నాన్నకి ఎదుటివాడి మొహం మీద "వద్దు" అనడం చేతకాదు. దుకాణంవాడు కర్టెను గుడ్డ పరిచి పొగుడుతుంటే, "భేషుగ్గా ఉందండీ, ఇంతకన్నా మంచిది ఎక్కడ దొరుకుతుంది" అంటూ అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. అది అమ్మకి గుర్తు. నేను అంటున్నది నమ్మకు, పద అని. అమ్మ వెంటనే "మాకొద్దండీ" అనేసేది. "సారు బంగారం, అమ్మగారే కాస్త..." అని దుకాణంవాడు నసిగేవాడు. దారిపొడుగునా అమ్మ సాధించేది, మంచితనం మీకూ, గయ్యాళితనం నాకూనా అని. ఆయన నవ్వేవారు. ఇంటికొచ్చిన చుట్టాలు కదలకపోతే కూడా ఇదే తంతు. "ఇంకో నాలుగు రోజులు ఉండండి బావగారూ" అంటూ అద్దాలు తుడిచేవారు. అమ్మ లోపల్నుంచి "రేపటి బస్సుకి టిక్కెట్టు తీయించేశామండీ" అనేది. నిజంగా అద్దాల మీద దుమ్ము పడినా అమ్మ ఎదురుగా తుడుచుకునేవారు కాదు. ఎక్కడ పొరబడి ఎవరిని వెళ్ళగొడుతుందోనని పక్కగదిలోకి వెళ్ళి తుడుచుకుని వచ్చేవారు.

బ్యాంకు పోయాక దుకాణాలకి వెళ్ళే పనీ లేదు, వచ్చే చుట్టాలూ లేరు. ఆయన తన అద్దాలు తను తుడుచుకోవడం నేను మళ్ళీ చూడలేదు. పొద్దున్నే అమ్మే తుడిచి ఆయన చేతికిచ్చేది, ఆయన పోయే రోజు దాకా. ఎంత ప్రేమో అనుకునేదాన్ని.

ఇప్పుడు ఇదంతా ఎందుకు అడిగావు?

అక్క

*

ఎడిటింగ్ గది నుంచి,
సెప్టెంబరు

అక్కా,

ఎందుకు అడిగానో చెప్తాను. కూర్చుని చదువు.

అప్పట్లో టీవీలో వేసింది నాన్న మాట వరకే. కెమెరా పట్టినవాడు మాత్రం ఆపకుండా తీశాడు, ఆ మొత్తం నా దగ్గరుంది. నాన్న స్టూలు మీద నిలబడ్డారు. నీలం చొక్కా, చంకల కింద తడి. "మీ డబ్బు ఎక్కడికీ పోదు. నా మాట నమ్మండి. ఇళ్ళకి వెళ్ళండి" అన్నారు. అంటూనే అద్దాలు తీశారు. చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అద్దాలు లేకుండా, కళ్ళు చికిలించుకుని, జనంలో ఒక వైపుకే చూస్తున్నారు.

కెమెరా అటు తిరిగింది. అక్కడ అమ్మ ఉంది. నువ్వు రెండు జడలతో అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నావు. అమ్మ నాన్న వైపే చూస్తోంది. ఆ చూపు నీకు రాయడం నా వల్ల కాదు. తర్వాత వెనక్కి తిరిగింది. అమ్మ వెనకాల టైలరు మామయ్య, మెడలో కొలతల టేపు. ఆయన ఏదో అడిగాడు. అమ్మ ఏదో అంది. ఆ గొడవలో వినపడదు, ఎంత సౌండు పెంచినా వినపడదు. అమ్మ లైనులోంచి బయటికి నడిచింది. ఆయనా లైను వదిలేశాడు. వాళ్ళిద్దరినీ చూసి ఆ వెనకాలవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు.

నాన్నకి తెలుసక్కా. ఆయన మాట ఊరికి, అద్దాలు అమ్మకి.

ఆ బొమ్మ మీద మా సినిమాలో వచ్చే మాటలు ఇవి: "బ్రాంచి మేనేజరుకు కూడా నిజం తెలియదు. ఆయన మాట నమ్మి జనం వెనుదిరిగారు." ఆ గొంతుని బొమ్మ కింద సరిగ్గా కూర్చోబెట్టింది నేనే. తేలు కుట్టిన దొంగలా కూర్చుని కూర్చోబెట్టాను. చెప్తే నాన్న పేరు పోతుంది. చెప్పకపోతే ఇన్ని ఊళ్ళ పిల్లలు ఒక అబద్ధాన్ని పాఠంలా నేర్చుకుంటారు. అందులో ఆ టైలరు మామయ్య మనవరాలు ఒకతి. నువ్వు టీచరువి, నువ్వే చెప్పు.

ఒక్క సంగతి. నువ్వు పక్కనే ఉన్నావు. అమ్మ ఆయనతో ఏమంది?

చిన్నోడు

*

ఇంటి నుంచి, వంటింటి బల్ల మీద,
సెప్టెంబరు చివర

చిన్నోడా,

అమ్మ పడుకుంది. వారం రోజులుగా నీ ఉత్తరానికి జవాబు మొదలుపెట్టడం, చింపెయ్యడం. క్లాసులో పిల్లలకి కథలు చెప్పినంత తేలిక కాదు ఇది.

అమ్మ ఏమందో నాకు గుర్తులేదు. నేను జనం మోచేతుల ఎత్తున ఉన్నాను. ఎవరిదో టిఫిను డబ్బా నా చెంపకి తగులుతూ ఉండటం ఒకటే గుర్తు.

టైలరు మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఆయన ఆ డబ్బు దాచుకున్నది రెండో మిషను కొని, పక్కగది కూడా అద్దెకి తీసుకోవడానికి. బ్యాంకు పోయాక ఉన్న మిషను కూడా అమ్ముకున్నాడు. పెద్ద దుకాణంలో ఒక మూల కూర్చుని వేరేవాళ్ళు కుట్టిన చొక్కాలకి గుండీలు కుట్టేవాడు. మన స్కూలు బట్టలన్నీ కుట్టిన మనిషి. నేను ఆ దుకాణానికి వెళ్తే తలెత్తి పలకరించి, మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకునేవాడు. అక్కడే ఒక సాయంత్రం కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. చివరిదాకా నాన్నని ఒక్క మాట అనలేదు. "ఆయనా మనలాగే మునిగాడు" అనేవాడు.

అమ్మ ఇప్పటికీ వాళ్ళ గుమ్మం ముందునుంచి నడవదు. బజారుకి వెళ్ళాలంటే మోకాళ్ళ నొప్పులతో కూడా చుట్టు తిరిగి వెళ్తుంది. జాలి కొద్దీ మొహం చాటేస్తుందనుకునేదాన్ని. ఇప్పుడు ఏమనుకోవాలో తెలీడం లేదు.

నాన్న మీద కోపం వస్తోంది. ఆయన మీద కోపగించుకోవడం కూడా చేతకావడం లేదు. నిన్న పిల్లలు పరీక్ష రాస్తుంటే నేను నా అద్దాలు తీసి తుడుచుకోబోయి ఆగిపోయాను.

నువ్వు టీచరువి, నువ్వే చెప్పు అన్నావు. టీచరుగా అయితే చెప్పెయ్యమంటాను. కూతురిగా మాత్రం, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందిరా. మాట వరకు ఉంచు, అద్దాలు తియ్యక ముందే కత్తిరించు. ఎవరికీ ఏమీ తెలీదు. అమ్మ బతికున్నంత కాలం చాలు. నన్ను అసహ్యించుకున్నా సరే, ఇది చెయ్యి.

అక్క

*

ఎడిటింగ్ గది నుంచి,
నవంబరు

అక్కా,

నువ్వు చెప్పినట్టే కత్తిరించాను. మాట, వెంటనే షట్టరు. నాన్న చెయ్యి అద్దాల దగ్గరికి వెళ్ళేలోపే అయిపోతుంది.

సారు చూసి "ఇంకోసారి వెయ్" అన్నాడు. వేశాను. "ఇక్కడ ఎందుకు ఎగిరింది? ఇంతకుముందు ఇంకా ఉందే" అన్నాడు. నిడివి తగ్గిద్దామని అన్నాను. ఆయన నన్ను ఒకలా చూశాడు. "ఈ సినిమా మొత్తానికీ ప్రాణం అదే కదయ్యా. అబద్ధమాడేవాడు అంత నింపాదిగా అద్దాలు తుడుచుకుంటాడా? తర్వాత పిల్లతో ఉన్న ఆ ఆవిడ నమ్మకంగా వెళ్ళిపోవడం చూడు. మొత్తం పెట్టు" అన్నాడు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు, పెట్టేదాకా లేవలేదు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆవిడ మా అమ్మండీ, ఆ అద్దాలకి అర్థం ఇదండీ అని. నాలుక చివరదాకా వచ్చింది. మింగాను. కత్తిరించీ తప్పు చేశాను, అతికించీ తప్పు చేశాను, రెండుసార్లూ నోరు మూసుకునే ఉన్నాను.

సినిమాలు కాలేజీలకి వెళ్ళిపోయాయి. ఈపాటికి మీకూ అంది ఉంటుంది. చూపించకుండా ఉండగలిగితే చూపించకు. చూపించినా, అమ్మని మాత్రం ఆ దరిదాపులకి రానివ్వకు.

చిన్నోడు

*

స్టాఫ్ రూము నుంచి,
డిసెంబరు

చిన్నోడా,

నీ హెచ్చరిక అందేసరికి చేతులు కాలాయి. ఇంక ఆకులు పట్టుకోవడం ఎందుకు, జరిగింది రాస్తాను.

సినిమా మన ఊరి బ్యాంకు గురించని ప్రిన్సిపాలుకి ఎలాగో తెలిసింది. ఆయనకి ఉత్సాహం ఎక్కువ. అప్పట్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని పిలిపించి పిల్లలతో కలిపి కూర్చోబెడదాం అన్నాడు. ఇంటింటికీ కబురు పంపాడు, మనింటికి కూడా. పొద్దున్నే అమ్మ స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మోకాళ్ళు నొప్పి కదా అన్నాను. నొప్పి ఎక్కడికి పోతుంది, అదీ నాతో వచ్చి చూస్తుంది అంది. ఇంక ఆపడం నా వల్ల కాలేదు.

హాల్లో వెనక వరసల్లో పెద్దవాళ్ళు, ముందు పిల్లలు. అమ్మ ఆఖరి కుర్చీలో కూర్చుంది. నేను ప్రొజెక్టరు పక్కన నిలబడ్డాను, తెర వైపు చూడలేక ఆ మిషను లోపలి దీపం వైపే చూస్తూ. నాన్న గొంతు వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ గొంతు అంత పెద్దగా. వెనక ఎవరో "మంచి మనిషి, పాపం" అనడం వినపడింది. తర్వాత మీ సినిమా గొంతు, నిజం తెలియదు, మాట నమ్మి వెనుదిరిగారు. తర్వాత దీపాలు వేశారు.

ప్రశ్నలు అడగండి అన్నాడు ప్రిన్సిపాలు. టైలరు మామయ్య మనవరాలు లేచింది. దాని మొహంలో ఏ అనుమానమూ లేదు, అదే నన్ను ఎక్కువ కోసింది. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు అడిగింది.

"టీచర్, చేతులు చూడమన్నారు కదా. ఆ మేనేజరుగారు అద్దాలు ఎందుకు తుడుచుకున్నారు?"

"చెమట పట్టి ఉంటుంది" అన్నాను. నా క్లాసులో నేను చెప్పిన మొదటి అబద్ధం అని గొప్పగా రాయలేను కానీ, తెలిసి చెప్పింది మాత్రం అదే.

వెనక కుర్చీ చప్పుడైంది. అమ్మ లేచి, ముందు కుర్చీ పట్టుకుని నిలబడింది.

"చెమట కాదమ్మా. నాకు చెప్తున్నారు. నేననేది నమ్మొద్దు అని."

"అంటే ఆయనకి తెలుసా అండీ?" అని అడిగింది ఆ పిల్ల. తెలుసు అంది అమ్మ. "మరి మీరు మీ డబ్బు తీసుకున్నారా?" లేదు అని తల ఊపింది. ఎందుకని అడిగితే మాత్రం అమ్మ కూర్చుండిపోయింది. చెవులు సరిగ్గా వినపడని ఒక పెద్దాయన "ఏమంది? ఏమందావిడ?" అని పక్కవాళ్ళని అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు.

ఎవరూ తిట్టలేదురా. తిడితే బాగుండును. కుర్చీలు సర్దుకుని వెళ్ళిపోయారు. మర్నాడు బ్రెడ్డు దుకాణంలో ఆవిడ, ఎప్పుడూ చిల్లర నా చేతిలో పెట్టే మనిషి, గాజుబల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ప్రిన్సిపాలు నన్ను ఇంకా పలకరించలేదు. ఆ పిల్ల క్లాసుకి వస్తోంది, మొదటి బెంచీలోనే కూర్చుంటోంది, ఏమీ అడగడం లేదు. నిన్న మాత్రం బయటికి వెళ్తూ "ఆదివారం మీ ఇంటికి రావచ్చా టీచర్? అమ్మమ్మగారితో మాట్లాడాలి" అంది. రమ్మన్నాను.

అమ్మకి చెప్పాను. అమ్మ నన్ను కాగితం, పెన్ను అడిగింది. నీకు రాస్తుందట. రాసింది నేను చదవకూడదట. అది పూర్తయ్యాక దీనితో పాటు పంపుతాను.

అక్క

*

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడికి అమ్మ రాస్తున్నది.

ఉత్తరాలు రాయడం అలవాటు తప్పింది. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

నీ సినిమా చూశాను. ఆ ముక్క తీసెయ్యకుండా మంచిపని చేశావు. తీసేద్దామనుకున్నారని అక్క చెప్పింది. దాని తప్పు లేదు, నీ తప్పూ లేదు. కానీ అందులో ఒక మాట తప్పుంది. మీ డైరెక్టరుకి చెప్పి మార్పించు. కుదరదంటే నువ్వయినా తెలుసుకో. జనం మీ నాన్న మాట నమ్మి వెళ్ళలేదు. నన్ను చూసి వెళ్ళారు.

ఆయన అద్దాలు తియ్యగానే నాకు అర్థమైంది. గుమ్మం దాటితే కౌంటరే. పాసుబుక్కు చేతిలోనే ఉంది. కాలు ముందుకే పడింది కూడా. అప్పుడనిపించింది, ఆయన స్టూలెక్కి తియ్యొద్దని చెప్తుంటే పెళ్ళాన్ని నేనే తీసుకుంటే, ఆయన ఈ ఊళ్ళో తలెత్తుకోలేరని. డబ్బు పోతే పోనీ, ఆయన మాట నిలబడాలి అనుకున్నాను. ఎప్పుడూ ఆయన మంచివారు, నేను గయ్యాళిని. ఆ ఒక్కరోజు నేనూ మంచిదాన్ని అవుదామనుకున్నాను. గొప్పపని చేస్తున్నాననే అనుకున్నానురా.

వెనక్కి తిరిగేసరికి టైలరు అన్నయ్య. "ఏమ్మా, తియ్యకుండానే వెళ్తున్నావా?" అన్నాడు. "ఆయన చెప్పారుగా అన్నయ్యా" అన్నాను. అంత తెలిసీ ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, "నువ్వే వెళ్తుంటే ఇంక నాకేం భయం" అని నా వెనకే వచ్చేశాడు. దారంతా కొత్త మిషను గురించి చెప్తూనే ఉన్నాడు. ఊఁ కొడుతూ నడిచాను. ఇంకా మధ్యాహ్నమే, బ్యాంకు తెరిచే ఉంది. వెనక్కి వెళ్ళు అన్నయ్యా అని ఒక్క మాట అనడానికి ఆ దారంతా నాకు సమయం ఉంది.

నేనేమన్నానో గుర్తులేదని అక్క నీకు రాసిందట. దానికి గుర్తుంది. నా చెయ్యి పట్టుకుని మా మధ్యలోనే నడిచింది.

ఆ సాయంత్రం మీ నాన్న ఇంటికొచ్చి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, నా మొహంలోకి చూశారు. డబ్బు తీశావా అని ఆ చూపు. లేదని చెప్పలేక ఆ అద్దాలు తుడిచి ఆయన చేతికిచ్చాను. ఆయనకి ఎంత తెలుసో నేను అడగలేదు. ఎందుకు తియ్యలేదని ఆయనా అడగలేదు. మర్నాడు మళ్ళీ తుడిచిచ్చాను. అలా అలవాటైపోయింది.

ఆ పిల్ల ఈ రోజు వస్తానంది. తాతయ్య ఆ రోజు ఎందుకు వెనక్కి వచ్చేశాడని అడుగుతుంది. ముందు దానికే చెప్పి తర్వాత నీకు రాద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు. నీకు రాస్తే, చెప్పడం కాస్త అలవాటవుతుందని రాశాను.

అక్క పిలుస్తోంది. వచ్చినట్టుంది. ఉంటాను.

అమ్మ